జంతువుల కోసం ప్రభుత్వం లోపల పనిచేయడం ఎలా: కుర్చీ ఎంచుకోవడం నుంచి అమలు దాకా

ఇరుకు పంజరాల్లో కోళ్లను కుక్కి గుడ్లు పెట్టించే పద్ధతిని ఆపాలని యూరోపియన్ యూనియన్ 1999లో చట్టం చేసింది. అది పూర్తిగా అమల్లోకి రావాల్సిన రోజు 2012 జనవరి 1. అంటే ఫారాలు మారడానికి పన్నెండేళ్లకు పైగా టైం ఇచ్చారు. తీరా ఆ రోజు వచ్చేసరికి 13 సభ్య దేశాలు ఇంకా సిద్ధంగా లేవని తేలింది, యూనియన్ చట్టాల అమలు చూసే యూరోపియన్ కమిషన్ వాటన్నిటికీ నోటీసులు పంపాల్సి వచ్చింది.

ఇది విని చాలామంది "చట్టాలతో ఏమీ కాదు" అని తేల్చేస్తారు. నేను దీన్ని ఇంకోలా చూస్తాను. చట్టం కావాలని రోడ్డెక్కిన వాళ్ల పని 1999తో చాలావరకు అయిపోయింది, ఆ తర్వాత పన్నెండేళ్ల పాటు ఏ దేశంలో ఏ అధికారి గడువును గుర్తుపెట్టుకున్నారు, ఎవరు ఫారాల లెక్క తీశారు, ఎవరు ఫైలు పక్కన పడేశారు అన్నదాని మీదే ఆ కోళ్ల బతుకు ఆధారపడింది. నిర్వచనాలు, గడువులు, బడ్జెట్ పద్దులు, తనిఖీ షెడ్యూళ్లు, ఇవన్నీ చూసేది లోపలి మనుషులు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. అక్కడికి ఎలా వెళ్లాలి, వెళ్లాక ఏం చేయాలి అన్నదే ఈ మార్గదర్శి. మీరు ఏ దేశంలో ఉన్నా పనికొచ్చేలా రాస్తున్నాను, ఉదాహరణలు మాత్రం రకరకాల చోట్ల నుంచి తీసుకున్నాను.

1. ముందు మీకు ఏ కుర్చీ సరిపోతుందో తేల్చుకోండి

ప్రభుత్వం అనగానే మంత్రులు, శాసనసభ్యులే గుర్తొస్తారు. జంతువుల విషయంలో నిర్ణయాలు జరిగే కుర్చీలు ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో బలం ఉంది.

ఎన్నికైన సభ్యులు అజెండా పెట్టగలరు. ప్రశ్నలు అడగగలరు, అడిగిన ప్రశ్నకు శాఖ జవాబు వెతుక్కోవాల్సి వస్తుంది, ఆ వెతుకులాటలోనే చాలా విషయాలు మొదటిసారి లెక్కకు వస్తాయి. ప్రైవేటు మెంబర్ బిల్లు, అంటే మంత్రి కాని సభ్యులు సొంతంగా పెట్టే బిల్లు, నెగ్గడం అరుదు, అయినా దాని పని అది చేస్తుంది. భారత రాజ్యసభకు 1952లో నామినేట్ అయిన రుక్మిణీదేవి అరుండేల్ జంతువులపై క్రూరత్వాన్ని ఆపే బిల్లు పెట్టారు. ప్రభుత్వమే సమగ్రమైన బిల్లు తెస్తుందని ప్రధాని నెహ్రూ హామీ ఇవ్వడంతో వెనక్కి తీసుకున్నారు. ఆ హామీ 1960లో చట్టమైంది, దాని కింద ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. తన బిల్లు పోయినా పని నెగ్గించుకున్నారు, పైగా అమలు చేసే సంస్థలోనూ కూర్చున్నారు. నాకు ఇందులో నచ్చేది ఆ రెండో భాగం.

చిన్న పార్టీ దారి కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో 2002లో పుట్టిన జంతువుల పార్టీ 2006 ఎన్నికల్లో 150 సీట్ల సభలో రెండు గెలుచుకుంది. రెండు సీట్లతో ఎవరూ ప్రభుత్వం నడపలేరు, కానీ ఓట్లు అటు పోతున్నాయని మిగతా పార్టీలు గమనించక తప్పదు. దామాషా పద్ధతిలో, అంటే వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు ఇచ్చేలా, ఎన్నికలు జరిగే చోటే ఇది పారుతుందని గుర్తుంచుకోండి. ఎక్కువ ఓట్లొచ్చిన ఒక్కరే గెలిచే పద్ధతి ఉన్న చోట విడి పార్టీ పెట్టడం కన్నా ఉన్న పార్టీల లోపల, వీలైతే రెండు మూడు పార్టీల లోపల, మనుషుల్ని పెంచుకోవడం మేలు. యూరోపియన్ పార్లమెంటులో జంతు సంక్షేమంపై అన్ని పార్టీల సభ్యులు కూర్చునే బృందం 1983 నుంచి నడుస్తోంది. అలాంటిది మీ సభలో లేకపోతే పెట్టించడానికి పెద్ద అధికారమేమీ అక్కర్లేదు, ఓపిక ఉన్న ఇద్దరు సభ్యులు, వాళ్ల దగ్గర పనిచేసే ఒక్క సహాయకుడు చాలు.

ఆ సహాయకుల ఉద్యోగమే కొత్తగా వచ్చేవాళ్లకు అన్నిటికన్నా మంచి మెట్టు అని నా గట్టి అభిప్రాయం. సభ్యుల ప్రసంగం, ప్రశ్న, సవరణ, కమిటీ నోట్ అన్నీ వీళ్ల చేతుల మీదుగానే పోతాయి. జీతం తక్కువ, పని ఎక్కువ, టెన్షన్ చెప్పనక్కర్లేదు, కానీ రెండేళ్లలో నేర్చుకునేది బయట పదేళ్లున్నా రాదు.

శాఖల్లో శాశ్వత ఉద్యోగులకు ఉన్న బలం వేరు. మంత్రులు మారతారు, వీళ్లు ఉంటారు. పశువైద్యులకు, ఇన్‌స్పెక్టర్లకు క్షేత్రంలో నేరుగా చర్య తీసుకునే అధికారం ఉంటుంది. ఇక ఎవరూ పట్టించుకోని కుర్చీలు కొన్ని ఉన్నాయి: చట్టాల ముసాయిదా రాసేవాళ్లు, ఆర్థిక శాఖలో పశుసంవర్ధక పద్దు చూసేవాళ్లు, ఆడిట్ అధికారులు, గణాంకాల విభాగం, ప్రభుత్వ కొనుగోళ్లు. జంతువుల మీద ప్రేమ ఉన్న యువత అంతా ఒకే చోటికి, అంటే జంతు సంక్షేమం అని బోర్డున్న ఆఫీసుకే పోవాలనుకుంటారు. సబ్సిడీ ఏ రకం షెడ్డుకు ఇవ్వాలో నిర్ణయించే మనిషి ఒక్క పేరా మార్చి, పంజరాలు లేని షెడ్లకే రుణంలో రాయితీ అని రాస్తే దాని ప్రభావం ఎన్ని ఫారాల మీద పడుతుందో ఆలోచించండి.

ఎంచుకునే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్నలు: నలుగురిలో తిట్లు పడగలరా? మీకు నచ్చని విధానాన్ని కూడా పద్ధతిగా అమలు చేయగలరా? ఫలితం మీ పేరు మీద రాకపోయినా ఫర్వాలేదా? మొదటిదానికి అవును అయితే రాజకీయం, మిగతా రెండిటికీ అవును అయితే ఉద్యోగం. మూడిటికీ కాదు అనిపిస్తే బయట సంస్థల్లో పనిచేయడమే మీకూ జంతువులకూ మంచిది, అది తక్కువ పనేమీ కాదు.

2. అధికారం ఎక్కడ ఉందో పటం గీయండి

ఒక సమస్య తీసుకోండి, ఉదాహరణకు జంతువుల రవాణా. దీని మీద చట్టం చేసే అధికారం కేంద్రానిదా, రాష్ట్రానిదా, స్థానిక సంస్థదా? చట్టం మార్చాలా, రూల్స్ మారిస్తే చాలా, ఒక సర్క్యులర్‌తో అవుతుందా? సంతకం ఎవరిది, దానికి ముందు ఎవరి అభిప్రాయం తప్పనిసరి, ఎవరు అడ్డం కొట్టగలరు? ఇదంతా ఒక్క కాగితం మీద గీసుకోండి.

ఇది ఎందుకు ముఖ్యమో డెన్మార్క్ చూపించింది. 2020 నవంబరులో కరోనా వైరస్ భయంతో దేశంలో బొచ్చు కోసం పెంచే మింక్ అనే చిన్న జంతువులన్నిటినీ చంపేయమని ప్రభుత్వం ఆదేశించింది, కోటికి పైగా జంతువులు. ఆరోగ్యంగా ఉన్నవాటిని చంపమనే అధికారం ఆ రోజుకి ప్రభుత్వానికి చట్టంలో లేదని తర్వాత బయటపడి వ్యవసాయ మంత్రి రాజీనామా చేశారు. అంత పెద్ద ప్రభుత్వ యంత్రాంగంలో "దీనికి చట్టంలో ఆధారం ఏ సెక్షన్?" అన్న ప్రశ్న సరైన సమయంలో గట్టిగా నిలబడలేదు. ఆ ప్రశ్న అడిగే మనిషి మీరు కావాలి, మీ ఇష్టమైన ప్రతిపాదన విషయంలో కూడా, ఎందుకంటే ఆధారం లేని మంచి ఉత్తర్వును కోర్టు మొదటి వాయిదాలోనే ఆపేయగలదు.

పటంలో ఇంకో గీత తప్పనిసరి: ఏ శాఖ కింద ఉంది? చాలా దేశాల్లో జంతు సంక్షేమం వ్యవసాయం లేదా పశుసంవర్ధక శాఖ కింద ఉంటుంది. ఉత్పత్తి పెంచాల్సిందీ వాళ్లే, జంతువుల బాధ తగ్గించాల్సిందీ వాళ్లే. రెండూ ఢీకొన్నప్పుడు ఏది గెలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి స్వతంత్రంగా నివేదిక ఇచ్చే సంఘం ఒకటి ఉండేలా చూడటం మంచి లక్ష్యం. బ్రిటన్ 2022 చట్టం ఇలాంటి సంఘాన్నే పెట్టింది: ఏ ప్రభుత్వ విధానమైనా జంతువుల మీద చూపే ప్రభావాన్ని సరిగ్గా లెక్కలోకి తీసుకున్నారా అని అది నివేదిక రాస్తుంది, మంత్రి మూడు నెలల్లోగా పార్లమెంటుకు జవాబు చెప్పాలి. ఆ సంఘానికి నిషేధించే శక్తి లేదు. జవాబు రాయాల్సిన గడువు మాత్రం ఉంది, లోపల పనిచేసినవాళ్లకు ఆ గడువు విలువ తెలుసు.

3. మొదటి ఏడాది: పని నేర్చుకోండి, నమ్మకం సంపాదించండి

చేరిన వారంలోనే "నేను జంతువుల కోసం వచ్చాను" అని చాటకండి. అలాగని దాచకండి, అడిగితే నిజం చెప్పండి. శాఖలో ఎవరైనా మీ మాటకు విలువ ఇవ్వాలంటే ముందు మీరు మంచి ఉద్యోగి అనిపించుకోవాలి. టైంకి ఫైలు పంపాలి, అంకెలు తప్పు పోకూడదు, మీ ప్రత్యర్థి వాదనను కూడా ఉన్నదున్నట్టు రాయాలి. జంతువుల గురించి మాట్లాడే మనిషి లెక్కలో ఒక్కసారి పొరపడితే "వీళ్లకు ఆవేశమే గానీ అవగాహన లేదు" అనే ముద్ర పడుతుంది, దాన్ని చెరపడానికి ఏళ్లు పడుతుంది. అన్యాయమే, కానీ ఉన్న పరిస్థితి అది.

ఉత్పత్తి గురించి నిజంగా తెలుసుకోండి. కోళ్ల ఫారానికి వెళ్లండి, హేచరీకి వెళ్లండి, పందుల షెడ్డుకు, చేపల చెరువుకు, కబేళాకు వెళ్లండి. చూడటం కష్టంగానే ఉంటుంది. అయినా చూడండి, ఎందుకంటే కబేళాలో స్పృహ తప్పించే యంత్రం ఎక్కడ ఎందుకు ఫెయిల్ అవుతుందో చూసినవాళ్లు రాసిన రూల్‌కీ, ఆఫీసులో కూర్చుని ఊహించి రాసిన రూల్‌కీ చాలా తేడా ఉంటుంది. మేత ఖర్చెంత, రైతు అప్పు ఎంత, కంపెనీతో ఒప్పందంలో ఎవరి మీద ఏ రిస్క్ ఉంది, ఇవి తెలియకుండా ఎవరినీ ఒప్పించలేరు.

ఇంకో నైపుణ్యం: ఒక్క పేజీ నోట్ రాయడం. సమస్య ఏంటి, ఇప్పుడు చట్టంలో ఉన్న అధికారం ఏంటి, రెండు మూడు ప్రత్యామ్నాయాలు, ఒక్కోదాని ఖర్చు, ఎవరు వ్యతిరేకిస్తారు ఎందుకు, ఏమీ చేయకపోతే ఏమవుతుంది. పై అధికారికి రోజుకు పదుల సంఖ్యలో ఫైళ్లు వస్తాయి, మీ ఆవేదన చదివే టైం ఆయనకు లేదు. నిర్ణయం తీసుకోవడం తేలిక చేసి పెట్టిన కాగితమే ముందుకు కదులుతుంది.

4. ఏం అడగాలో ఎంచుకోండి

ఆహారం కోసం ప్రపంచంలో ఏటా చంపే నేల జంతువుల సంఖ్య 8,000 కోట్లు దాటింది. అందులో అత్యధికం కోళ్లు. చేపలను ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తన గణాంకాల్లో టన్నుల్లో లెక్కిస్తుంది, ఎన్ని ప్రాణాలు పోయాయో ఆ లెక్కలో కనిపించదు. ఈ వాస్తవాన్ని ఎదురుగా పెట్టుకుని మీ శాఖ గత ఐదేళ్లలో దేని మీద సమయం పెట్టిందో చూడండి. సాధారణంగా కుక్కలు, పిల్లులు, సర్కస్ జంతువులు కనిపిస్తాయి. అవీ బాధపడతాయి, వాటి కోసం చేసేదీ మంచి పనే, కానీ సంఖ్య, బాధ తీవ్రత రెండూ చూస్తే ఎక్కువ శ్రమ ఫారాల మీద పెట్టాలి అని నేను నమ్ముతాను.

అలాగని మొదటి రోజే పెద్దదానికి పోకండి. ఈ కుర్చీ నుంచి ఏది కదులుతుంది అని అడగండి. గణాంకాల విభాగంలో ఉంటే చేపల సంఖ్య అంచనా వేసే ఒక వరస చేర్చమని ప్రతిపాదించవచ్చు. వినియోగదారుల శాఖలో ఉంటే లేబుల్ ఉంది: యూరప్‌లో 2004 నుంచి గుడ్డు మీదే కోడి ఎలా పెరిగిందో చెప్పే అంకె ముద్రిస్తారు, సేంద్రియానికి 0, ఆరుబయట తిరిగేదానికి 1, షెడ్డులో తిరిగేదానికి 2, పంజరానికి 3. కొనే మనిషికి ఒక్క చూపులో అర్థమవుతుంది. శాస్త్ర, ఔషధ విభాగంలో ఉంటే పాత చట్టాల్లో జంతు పరీక్ష తప్పనిసరి అన్న వాక్యాలు ఎక్కడెక్కడ మిగిలాయో వెతకండి. అమెరికాలో మందులకు జంతు పరీక్షలు తప్పనిసరి చేసిన 1938 నాటి నిబంధనను 2022 చివర్లో తీసేశారు. జంతు పరీక్షలను నిషేధించలేదు, ఇతర పద్ధతులకూ దారి తెరిచారంతే. అలాంటి సవరణకు పెద్ద ఉద్యమం కూడా అక్కర్లేదు, చట్టాన్ని ఓపిగ్గా చదివే మనుషులు కావాలి.

5. ముసాయిదా: ఇక్కడే గెలుస్తారు, ఇక్కడే ఓడిపోతారు

ఈ భాగం నెమ్మదిగా చదవండి.

నిర్వచనం మొదట. అమెరికాలో కబేళాల్లో బాధ తగ్గించాలని 1958లో చేసిన చట్టాన్ని అక్కడి వ్యవసాయ శాఖ కోళ్లకు వర్తింపజేయడం లేదు, ఆ దేశంలో చంపే నేల జంతువుల్లో అత్యధిక శాతం కోళ్లే అయినా సరే. 1966 నాటి జంతు సంక్షేమ చట్టంలోనేమో, పరిశోధన కోసం పెంచే ఎలుకలను, చుంచులను, పక్షులను "జంతువు" నిర్వచనం నుంచి 2002లో తప్పించారు. చట్టం పేరు ఘనంగా ఉంది, లోపల ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ప్రాణులే లేవు. అదే బ్రిటన్ 2022 చట్టంలో నిపుణుల నివేదిక చూశాక పీతలు, రొయ్యలు, ఆక్టోపస్‌ల లాంటివాటిని కూడా చేర్చారు. రెండు చోట్లా తేడా వచ్చింది ఒకటి రెండు పంక్తుల్లోనే, కాబట్టి బిల్లు మీ బల్ల మీదకు రాగానే ముందు నిర్వచనాల సెక్షన్ తెరవండి, ఎవరిని వదిలేశారో చూడండి.

తర్వాత కొలత. కాలిఫోర్నియాలో 2008లో ఓటర్లు ఆమోదించిన నిబంధన ప్రకారం జంతువు లేచి నిలబడగలగాలి, పడుకోగలగాలి, అటూ ఇటూ తిరగగలగాలి, కాళ్లూ రెక్కలూ చాచగలగాలి. వినడానికి చక్కగా ఉంది. కానీ ఎంత చోటు ఇస్తే అది సాధ్యం అన్నదాని మీద వివాదాలు, కేసులు నడిచాయి. 2018లో మళ్లీ ఓటింగ్ పెట్టినప్పుడు అంకెలు రాశారు: ఈనే పందికి కనీసం 24 చదరపు అడుగులు, గుడ్ల కోళ్లకు పంజరాలే ఉండకూడదు. ఇన్‌స్పెక్టర్ టేపు పెట్టి కొలవగలిగేలా రాసిందే అమలవుతుంది.

ఆ రెండు ఓటింగ్‌ల మధ్య ఇంకో తేడా ఉంది. మొదటిది రాష్ట్రంలో పెంచేవాళ్లకే వర్తించింది, దాంతో బయటి నుంచి చవగ్గా వచ్చే గుడ్లతో పోటీ ఎలా అని అక్కడి రైతులు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. రెండోది రాష్ట్రంలో అమ్మే వాటన్నిటికీ వర్తిస్తుంది, ఎక్కడ పెంచినా సరే. పంది మాంసం ఉత్పత్తిదారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 2023లో కోర్టు ఆ నిబంధనను నిలబెట్టింది. దిగుమతుల సంగతి రాయకుండా ఉత్పత్తి మీద మాత్రమే నిషేధం పెడితే జంతువుల బాధ సరిహద్దు దాటి ఇంకోచోట కొనసాగుతుంది, మీ రైతు నష్టపోతాడు, తర్వాతి ఎన్నికల్లో నిషేధమే పోతుంది. వాణిజ్య ఒప్పందాలు ఒప్పుకోవని ఎవరైనా అంటే సీల్ అనే సముద్ర జంతువు నుంచి తీసే ఉత్పత్తుల కేసు చూపించండి: యూరోపియన్ యూనియన్ 2009లో పెట్టిన నిషేధంపై 2014లో తీర్పిస్తూ ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు మండలి, ప్రజల నైతిక భావనల కోసం ఇలాంటి ఆంక్ష పెట్టవచ్చని ఒప్పుకుంది, అందులోని మినహాయింపులు కొందరికే అనుకూలంగా ఉన్నాయన్నదే దాని అభ్యంతరం.

శిక్ష సంగతి. భారత 1960 చట్టంలో క్రూరత్వానికి మొదటి తప్పు కింద జరిమానా గరిష్ఠంగా యాభై రూపాయలు. అప్పట్లో అదో మొత్తం, తర్వాత దశాబ్దాల తరబడి అంకె అలాగే ఉండిపోయింది. మీరు రాసేటప్పుడు జరిమానాను ధరల సూచీతో ముడిపెట్టండి, లేదా టర్నోవర్‌లో శాతంగా పెట్టండి. పెద్ద కంపెనీలకు జరిమానా కన్నా లైసెన్స్ సస్పెన్షన్, సబ్సిడీ నిలిపివేత, జంతువులను పెంచకుండా అనర్హత ఎక్కువ పనిచేస్తాయి.

ఇంకొన్ని వెంటవెంటనే చెబుతాను. ప్రభుత్వం రూల్స్ "చేయవచ్చు" అని ఉంటే చేయకుండా ఊరుకోవచ్చు, "ఏడాదిలోగా చేయాలి" అని రాయించండి. గడువు ఒకటే దూరంగా పెట్టకుండా మధ్యలో మజిలీలు పెట్టండి: మూడో ఏడుకి కొత్త పంజరాలు కట్టడం బంద్, ఐదో ఏడుకి సగం మార్పు, అలా. ఏటా సభ ముందు నివేదిక పెట్టాలని ఒక క్లాజు. తనిఖీలకు ప్రత్యేక పద్దు. ఐదేళ్లకోసారి శాస్త్రీయ సమీక్ష.

6. ఎదుటివాళ్లతో కూర్చోండి

రైతును శత్రువుగా చూసే విధానం ఎక్కడా నిలబడదు. వాళ్లలో చాలామంది అప్పుల్లో ఉండి, నిన్నటి ప్రభుత్వమే ప్రోత్సహించిన షెడ్డు కట్టినవాళ్లు. మార్పుకయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు అన్నదానికి జవాబు లేకుండా సమావేశానికి వెళ్లకండి. ఆస్ట్రేలియా బతికున్న గొర్రెలను ఓడల్లో ఎగుమతి చేయడాన్ని 2028 మే 1 నుంచి ఆపేస్తూ 2024లో చట్టం చేసింది, దాంతోపాటే రైతులకు, రవాణా వాళ్లకు మారడానికి 10 కోట్ల డాలర్లకు పైగా ప్యాకేజీ ప్రకటించింది. వ్యతిరేకత పోలేదు, పోదు కూడా. కానీ చట్టంతోపాటు డబ్బు కనిపించింది.

కొన్నిసార్లు టెక్నాలజీకి డబ్బు పెట్టడమే దారి. జర్మనీలో గుడ్ల జాతి మగ కోడిపిల్లలను, ఏటా సుమారు నాలుగున్నర కోట్లు, పుట్టిన రోజే చంపేసేవాళ్లు. గుడ్డులో ఉండగానే ఆడా మగా గుర్తించే పద్ధతుల పరిశోధనకు ప్రభుత్వం నిధులు ఇస్తూ వచ్చింది. 2019లో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆర్థిక ప్రయోజనం ఒక్కటే చంపడానికి తగిన కారణం కాదని, ప్రత్యామ్నాయం వచ్చేదాకా మాత్రమే ఇది కొనసాగవచ్చని చెప్పింది. 2022 జనవరి నుంచి నిషేధం వచ్చింది. 2002లో రాజ్యాంగంలో జంతు రక్షణను చేర్చడం, పరిశోధన నిధులు, కోర్టు తీర్పు, చివరికి చట్టం, ఇవి వేర్వేరు ఏళ్లలో వేర్వేరు మనుషులు చేసిన పనులు, ఏ ఒక్కటి లేకపోయినా మిగతావి బలహీనపడేవి.

చర్చల్లో పరిశ్రమలోని చీలికలు గమనించండి. ఇప్పటికే మంచి పద్ధతికి మారిన ఫారాలకు నిషేధం త్వరగా రావాలనే ఉంటుంది, పోటీ సమం అవుతుంది కాబట్టి. మీ సంప్రదింపుల జాబితాలో పెద్ద సంఘం అధ్యక్షుడొక్కడే కాకుండా వాళ్లు కూడా ఉండేలా చూడండి.

7. టైమింగ్

ఎన్నికల క్యాలెండర్, బడ్జెట్ క్యాలెండర్ గోడ మీద పెట్టుకోండి. అమెరికాలో సేంద్రియ ఫారాల్లో జంతు సంక్షేమ ప్రమాణాల రూల్ 2017 జనవరిలో, ఒక ప్రభుత్వం దిగిపోతున్న ఆఖరి రోజుల్లో వెలువడింది. తర్వాత వచ్చినవాళ్లు వాయిదాలు వేసి 2018లో వెనక్కి తీసుకున్నారు. మళ్లీ అలాంటి రూల్ రావడానికి 2023 దాకా పట్టింది. పదవీకాలం చివర్లో తొందరపడి తెచ్చిన రూల్‌కి కొత్త ప్రభుత్వంలో అండగా నిలబడేవాళ్లు ఉండరు, కాబట్టి అసలు పని మొదటి రెండేళ్లలో పెట్టుకోండి.

హామీని ఫలితంగా లెక్కించకండి. పంజరాలన్నీ తీసేయాలని యూరప్‌లో సుమారు 14 లక్షల మంది సంతకాలు చేశారు, 2023 చివరికల్లా చట్టం ప్రతిపాదిస్తామని కమిషన్ 2021లో చెప్పింది. ఆ గడువు దాటిపోయింది, అప్పటికి ప్రతిపాదన రాలేదు. అంత మంది సంతకాలున్నా ఇలా అయిందంటే నిరాశ కలుగుతుంది, నాకూ కలిగింది. లోపల ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది: ప్రభావ అంచనా, ఖర్చుల లెక్క, ముసాయిదా ముందే సిద్ధం చేసి పెట్టడం. రాజకీయంగా తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరికీ తెలియదు, తెరుచుకున్నప్పుడు చేతిలో కాగితం ఉన్నవాళ్లదే పని అవుతుంది.

8. అమలు

1822లో బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు రిచర్డ్ మార్టిన్ పశువులను హింసించడాన్ని నేరం చేసే చట్టం తెచ్చారు. చట్టాన్ని అమలు చేసే యంత్రాంగం లేదు. ఆయనే స్వయంగా కేసులు పెట్టి కోర్టుల చుట్టూ తిరిగారు, రెండేళ్లకు మరికొందరితో కలిసి ఒక సంఘం పెట్టారు, దాని మొదటి పనుల్లో ఒకటి తనిఖీకి మనుషులను పెట్టడం. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా చాలా దేశాల్లో కథ ఇదే, తనిఖీ భారం స్వచ్ఛంద సంస్థల మీదే.

కాబట్టి మీరు శాఖలో ఉంటే ఈ లెక్కలు తీయండి: ఎన్ని ఫారాలు, ఎంతమంది ఇన్‌స్పెక్టర్లు, ఏడాదికి ఎన్ని తనిఖీలు, అందులో చెప్పకుండా వెళ్లినవి ఎన్ని, ఎన్ని కేసులు, ఎన్నిటికి శిక్ష. ఇవి ఒక్క పట్టికలో పెట్టి ఏటా ప్రచురించేలా చేయగలిగితే మిగతా ఒత్తిడి పత్రికలు, సభ్యులు, ఆడిటర్లు తీసుకొస్తారు. ఇన్‌స్పెక్టర్ల శిక్షణలో బాధను గుర్తించడం ఉండాలి: కుంటుతున్న ఆవు, ఈకలు ఊడిన కోడి, గాయపడ్డ తోక. పత్రాలు చూసి వచ్చేయడం తనిఖీ అనిపించుకోదు. స్థానిక పోలీసులకు, ప్రాసిక్యూటర్లకు ఏ సెక్షన్ పెట్టాలో ఒక చిన్న చేతిపుస్తకం ఇస్తే ఎన్ని కేసులు నిలబడతాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

9. బయటివాళ్లతో సంబంధం

సంస్థలతో మాట్లాడండి, అందరితో మాట్లాడినట్టే, అధికారికంగా, రికార్డులో ఉండేలా. రహస్య ఫైళ్లు బయటపెట్టకండి. ఏదైనా సంస్థలో సభ్యత్వం ఉంటే నిబంధనల ప్రకారం ముందే చెప్పేయండి. మీరొకసారి లీక్ చేశారని తెలిస్తే మీ ఉద్యోగం ఒక్కటే పోదు, మీ తర్వాత ఈ విషయం మీద మాట్లాడే ప్రతివాళ్లనూ అనుమానంగా చూస్తారు. బహిరంగంగా చెప్పగలిగేదే చాలా ఉంది: ముసాయిదా మీద అభ్యంతరాలు పంపే ఆఖరి తేదీ ఎప్పుడు, ఏ రకం ఆధారం పనికొస్తుంది, ఏ కమిటీ ముందుకు వస్తుంది. ఇవి అడిగిన ప్రతివాళ్లకూ, పరిశ్రమకైనా ఉద్యమకారులకైనా, సమానంగా చెప్పండి. బయటినుంచి వచ్చే విమర్శ మీ శాఖ మీద పడ్డప్పుడు బాధపడకండి, ఆ ఒత్తిడి లేకపోతే మీ నోట్ ఎవరూ చదవరు.

10. నిలబడటం, అప్పగించడం

ఈ పనిలో మనసుకు కష్టమైనది రాజీ. పంజరం పెద్దది చేసే రూల్ మీ చేత్తోనే రాయాల్సి వస్తుంది, పంజరమే వద్దని మీరు నమ్ముతున్నా సరే. నా కొలమానం ఇది: ఈ రాజీ తర్వాతి అడుగుకు దారి తెరిచి ఉంచుతోందా, లేక ఇరవై ఏళ్ల పాటు తలుపు మూసేస్తోందా? కొత్త పెద్ద పంజరాలకు రైతు అప్పు చేసి పెట్టుబడి పెడితే ఆ అప్పు తీరేదాకా ఎవరూ మాట్లాడలేరు. అలాంటి రాజీ కన్నా ఓడిపోయి మళ్లీ ప్రయత్నించడం మంచిది కావచ్చు. ఇక అబద్ధపు నివేదిక మీద సంతకం, తెలిసిన క్రూరత్వాన్ని కప్పిపుచ్చడం లాంటివి ఎప్పటికీ చేయనని ముందే రాసిపెట్టుకోండి, ఆ క్షణంలో ఆలోచించుకునే తీరిక ఉండదు. మీలాంటి ఆలోచన ఉన్నవాళ్లు వేరే శాఖల్లో ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్లను వెతుక్కోండి, ఒంటరిగా ఉన్నవాళ్లే త్వరగా వదిలేసి వెళ్లిపోతారు.

బదిలీ తప్పదు, ఎన్నికల్లో ఓటమీ తప్పదు. వెళ్లేముందు చేయాల్సిన పని చాలామంది మర్చిపోతారు. రాబోయే ఐదేళ్ల గడువులన్నీ, ఏ తేదీకి ఏ సమీక్ష, ఏ నివేదిక సభ ముందుకు రావాలి, ఏ కేసు ఎక్కడ ఉంది, ఏ ముసాయిదా ఏ కారణంతో ఆగింది, ఎవరు ఏ షరతు మీద ఒప్పుకున్నారు, అన్నీ రాసి అధికారిక ఫైలులోనే పెట్టండి, మీ సొంత డైరీలో కాదు. కొత్తగా వచ్చే అధికారితో వీలైతే ఒక ఫారానికి కలిసి వెళ్లండి. సభ్యులైతే ఇంకో పార్టీ సభ్యురాలికి ఆ బిల్లు అప్పగించండి, కొత్త సభ మొదటి సమావేశంలోనే ఆవిడ దాన్ని మళ్లీ ప్రవేశపెట్టగలిగేలా కాగితాలన్నీ సిద్ధం చేసి ఇవ్వండి.